‘సెకనుకు 2 ఆంపియర్లు’ అనవచ్చునా?

ప్రశ్న – మహబూబ్‌నగర్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

సభ్యులకు నమస్కారం. పదవ తరగతి పిల్లలు వాడుతున్న ఒక అభ్యాస పుస్తకంలో ఈ లెక్క కనిపించింది: “ఒక తీగ గుండా సెకనుకు 2 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం 5 నిమిషాలు ప్రవహించిన, ఆ తీగను దాటిన విద్యుదావేశం ఎంత?” లెక్క చేయడంలో ఇబ్బందేమీ లేదు, జవాబు 600 కూలుంబులు. వాక్యం దగ్గరే మా బడిలో మాటామాటా పెరిగింది. ప్రవాహం ప్రవహించడం పునరుక్తి దోషమని తెలుగు సార్ అంటారు. ‘సెకనుకు’ అన్న మాట అక్కడ ఉండనే కూడదని లెక్కల సార్ అంటారు. పిల్లలకు అర్థమైతే చాలదా అని మరొకరంటారు. ఈ వాక్యాన్ని సాధువుగా ఎలా రాయాలో, ఎందుకు అలాగే రాయాలో తెలిసినవారు వివరించగలరు.

జవాబు – నల్లగొండ నుంచి ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, ముందుగా లెక్కల సార్ అభ్యంతరాన్ని చూద్దాం. తెలుగు సార్ పట్టుకున్నది శైలీదోషం, ఈయన పట్టుకున్నది అర్థాన్నే తారుమారు చేసే దోషం.

విద్యుదావేశాన్ని కూలుంబులలో కొలుస్తాం. తీగలో ఏదో ఒక చోటును గురుతు పెట్టుకొని, ఆ చోటును ఒక సెకనులో ఎంత ఆవేశం దాటిపోతున్నదో లెక్కగడితే, ఆ లెక్కకే విద్యుత్ ప్రవాహం అని పేరు. సెకనుకు ఒక కూలుంబు దాటితే ఆ ప్రవాహం ఒక ఆంపియర్. ‘సెకనుకు’ అన్న మాట ఆంపియర్ కడుపులోనే ఉన్నప్పుడు దాన్ని మళ్లీ బయట తగిలించడమంటే సెకనుతో రెండుసార్లు భాగించినట్టే.

మన జిల్లావాళ్లకు దీన్ని సాగర్ చూపించి చెప్పడం తేలిక. వరద రోజుల్లో జిల్లా పేజీ తిప్పితే ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అని పక్కపక్కనే రెండు అంకెలు ఉంటాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఆ మాట చివరనున్న ‘సెక్కు’ సెకనే. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, అందులో కాలం ఊసే లేదు. 590 అడుగుల పూర్తిమట్టం దగ్గర సాగర్‌లో ఉండేది 312 టీఎంసీలు. ‘సెకనుకు 312 టీఎంసీలు’ అని ఎవరూ అనరు. కానీ ‘సెకనుకు 50 వేల క్యూసెక్కులు’ అని రాసేవారు మాత్రం ఇప్పటికీ ఉన్నారు, అది మీ అభ్యాస పుస్తకంలోని వాక్యానికి అన్నదమ్ముల వరుస. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా ఎడతెగకుండా వస్తే ఒక టీఎంసీ అవుతుందని ప్రాజెక్టుల వార్తలు రాసే విలేకరులకు నోటికి వచ్చు. ఆంపియర్‌కూ కూలుంబుకూ ఉన్న సంబంధం సరిగ్గా అదే. ఒక ఆంపియర్ ప్రవాహం ఒక గంట సాగితే 3,600 కూలుంబులు దాటిపోతాయి.

ఈ పోలికను ఇంతకుమించి సాగదీయకూడదు. కాలువలో నీరు వచ్చినంత జోరుగా తీగలో ఎలక్ట్రాన్లు రావు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగలో ఒక ఆంపియర్ పోతున్నప్పుడు వాటి సగటు కదలిక సెకనుకు మిల్లీమీటరులో పదోవంతైనా ఉండదు. స్విచ్చి వేయగానే దీపం వెలగడానికి కారణం, ఆ కదలికను పుట్టించే విద్యుత్ క్షేత్రం తీగ పొడవునా దాదాపు కాంతివేగంతో పరుచుకోవడమే.

ఇక ఇది భాషా చర్చ కాబట్టి అసలు సంగతికి వస్తాను. చిన్నప్పుడు వల్లెవేసిన విభక్తుల పట్టికలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ షష్ఠిలో ఉంటాయి. కొలతల వాక్యంలో ఈ ‘కు’ చేసే పని భాగహారం. ‘గంటకు 60 కిలోమీటర్లు’, ‘ఎకరాకు 30 బస్తాలు’, ‘సెకనుకు 2 కూలుంబులు’ అన్నప్పుడు ‘కు’ ముందున్నది హారంలోకి పోతుంది. ‘పాటు’ చేసే పని గుణకారం: ‘2 ఆంపియర్ల ప్రవాహం సెకను పాటు సాగింది’ అంటే రెంటినీ హెచ్చవేసి 2 కూలుంబులు అని తేల్చుకోవాలి. ‘లో’ ఈ రెండింటిలో ఏదీ చేయదు. ‘సెకనులో 2 కూలుంబులు దాటాయి’ అన్న వాక్యం జరిగిన దానిని జరిగినట్టు చెప్పి ఊరుకుంటుంది, భాగించుకోవడం చదువరి పని. ఒకే సెకను మూడు ప్రత్యయాలతో మూడు రకాలుగా ప్రవర్తిస్తున్నది. మీ లెక్క రాసినవారు ‘5 నిమిషాలు’ దగ్గర పాటును వదిలేసి, ‘సెకను’ దగ్గర అక్కరలేని కు చేర్చారు.

పిల్లలకు అర్థమైతే చాలదా అన్న సార్‌కు ఒక మాట. ‘సెకనుకు 2 ఆంపియర్లు’ అన్నది అర్థంలేని మాట అయివుంటే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. దానికి నిక్షేపంలాంటి అర్థం వేరే ఉంది: ప్రవాహమే సెకను సెకనుకూ 2 ఆంపియర్ల చొప్పున పెరుగుతోందని. తీగచుట్టలో ప్రవాహం సెకనుకు ఒక ఆంపియర్ చొప్పున మారినప్పుడు ఒక వోల్టు పుడితే, ఆ చుట్ట ప్రేరకత్వం ఒక హెన్రీ. అక్కడ ‘సెకనుకు ఆంపియర్’ అనక తప్పదు. పదిలో అడ్డదిడ్డంగా వాడిన మాట ఇంటర్‌లో అసలు అర్థంతో ఎదురైనప్పుడు తికమకపడేది ఆ పిల్లలే.

వ్యాఖ్య – జడ్చర్ల నుంచి మోటర్ల వైండింగ్ పనిలో ఉన్న ఒక సభ్యుడు

సార్, మీరు రాసిన ప్రత్యయాల సంగతి బాగుంది. మా పనిలో వినబడే మాటలను కూడా ఇక్కడ పెడితే చర్చకు పనికివస్తాయనుకుంటాను. ఇన్నేళ్లలో మా దుకాణంలో కూలుంబు అన్న మాట ఎవరి నోటా రాలేదు, ఆంపియర్ అయితే గంటకోసారి వస్తుంది. ఆంపియర్ అని పూర్తిగా ఎవరూ అనరు, అందరికీ అది ‘ఆంప్స్’. ఒక్కటైనా ఆంప్సే, పదైనా ఆంప్సే.

బోరు మోటరు స్టార్టరు డబ్బా మూతకు రెండు మీటర్లు ఉంటాయి, ఒకటి వోల్టులది, ఒకటి ఆంపియర్లది. 5 హెచ్‌పీ త్రీ ఫేస్ మోటరుకు పచ్చ బొత్తాము నొక్కగానే ఆంపియర్ల మీటరు ముల్లు ఒక్కసారిగా కుడివైపు చివరిదాకా కొట్టుకొని, మోటరు వేగం అందుకోగానే వెనక్కి వచ్చి, 8 నుంచి 10 మధ్యన ఎక్కడో నిలుస్తుంది. రైతుకు తన ముల్లు నిలిచే చోటు తెలుసు. కొందరు అద్దం మీద పెన్నుతో గీత గీసి పెట్టుకుంటారు. వేసవిలో బోరులో నీళ్లు లోపలికి పోయి పంపు గాలి గుంజడం మొదలుపెడితే మోటరు మీద బరువు తగ్గి ముల్లు గీత కిందికి దిగుతుంది. పైపు చివర చూడకుండానే, డబ్బా దగ్గర నిలబడి నీళ్లు అయిపోయాయని చెప్పగలుగుతారు. బేరింగు పట్టేసినా, వోల్టేజి పడిపోయినా ముల్లు గీత దాటి పైకి పోతుంది. అది చూసి కూడా మోటరు బంద్ చేయకపోతే ఆ మోటరు మా దుకాణానికే వస్తుంది.

నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే మాట ఒకటుంది. వోల్టేజి పడిపోయిన రోజు రైతు అనే మాట ఇది: “కరెంటు తక్కువొస్తుందే, అందుకే మోటరు ఆంప్స్ ఎక్కువ గుంజుతుంది.” పుస్తకం ప్రకారం కరెంటు, ఆంప్స్ ఒక్కటే కదా. ఒక్క వాక్యంలో ఒకే వస్తువు తక్కువ, ఎక్కువ రెండూ ఎలా అవుతుంది? అయినా ఆయన చెప్పేది పూర్తిగా నిజం.

జవాబు – నల్లగొండ అధ్యాపకుడు

ఈ వాక్యం ఒక్కటే ఒక పాఠం పెట్టు. మన మాటల్లో ‘కరెంటు’ ఎన్ని పనులు చేస్తుందో లెక్కపెట్టి చూడండి. ‘కరెంటు పోయింది’ అంటే సరఫరా. ‘కరెంటు తక్కువొస్తుంది’ అంటే వోల్టేజి. ‘కరెంటు ఎక్కువ కాలింది, బిల్లు ఎక్కువొచ్చింది’ అంటే శక్తి. బిల్లు మీది యూనిట్ ఆంపియర్‌కు గాని కూలుంబుకు గాని చెందినది కాదు, అది కిలోవాట్-గంట, అంటే 36 లక్షల జౌళ్లు. ‘కరెంటు కొట్టింది’ అన్నప్పుడు మాత్రమే నిజంగా ఒంటి గుండా పోయిన ప్రవాహం గురించి మాట్లాడుతున్నాం. ఇన్ని అర్థాలు మోసే మాట మీద ఇంకొక శాస్త్రార్థాన్ని వేస్తే అది మోయలేదు. కాబట్టి రైతు తనకు తెలియకుండానే తెలివైన పని చేశాడు. సరఫరాకు, వోల్టేజికి కరెంటును ఉంచుకొని, పుస్తకం ‘విద్యుత్ ప్రవాహం’ అని పిలిచేదానికి ఆంప్స్ అని యూనిట్ పేరునే పెట్టుకున్నాడు. వోల్టేజి తగ్గినప్పుడు పంపు మీది బరువు తగ్గదు గనుక మోటరు ప్రవాహాన్ని ఎక్కువ లాగుతుంది, ఆ వేడికే వైండింగ్ కాలుతుంది. ఆయన వాక్యంలో వైరుధ్యం లేదు.

పాఠ్యపుస్తకం రాసేవారికి నా సలహా ఒక్కటే. ‘కరెంటు’ను వాడుకకు వదిలేయండి. ‘విద్యుత్తు’ను సాధారణ నామంగా ఉంచండి. ఆంపియర్లలో కొలిచేదానికి మాత్రం ‘విద్యుత్ ప్రవాహం’ తప్ప మరొక మాట వాడకండి. కొన్ని పుస్తకాల్లో ఒకే పేజీలో ఈ మూడూ ఒకే అర్థంలో కనిపిస్తాయి, అది విద్యార్థి మీద దయలేకపోవడమే.

ఆంప్స్ గురించి ఒక చిక్కు కూడా చెప్పాలి. ‘5 ఆంప్స్ సాకెట్’, ‘15 ఆంప్స్ సాకెట్’ అన్న మాటలు సరైనవే, ప్రమాణాలు ఇప్పుడు 6, 16 అయినా దుకాణాల్లో పాత అంకెలే వినబడుతుంటాయి. ‘150 ఆంప్స్ బ్యాటరీ’ అన్నది మాత్రం వేరే జాతి. బ్యాటరీ పక్కన అతికించిన చీటీ మీద ఉండేది 150 ఏహెచ్, అంటే 150 ఆంపియర్-గంటలు. అది ప్రవాహం కాదు, ఆవేశం. కూలుంబుల్లోకి మార్చితే 5,40,000. ఆ చీటీ మీదే సీ20 అని ఉంటే, 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటల పాటు ఇస్తుందని అర్థం. ఒక్క గంటలో 150 ఆంపియర్లు లాగుదామంటే అంత ఆవేశం బయటికి రాదు, జోరుగా లాగేకొద్దీ రాబడి తగ్గుతుంది. గంటను నాలుక మింగేయడం వల్ల కూలుంబుకు రావలసిన కొలత ఆంపియర్ వేషం వేసుకొని తిరుగుతున్నది. వైండింగ్ దుకాణంలో కూలుంబు పేరు వినబడకపోవచ్చును గాని, ఊరిలో ప్రతి ఇన్వర్టరు కిందా కూలుంబులే ఉన్నాయి.

ఫోన్ల వార్తల్లో ఇదే తప్పు తిరగబడి వస్తుంది. ‘గంటకు 5000 మిల్లీ ఆంపియర్ల బ్యాటరీ’ అని రాస్తారు. ఇక్కడ ‘కు’ ఉండకూడదు. ఇది భాగహారం కాదు, గుణకారం. ‘5000 మిల్లీ ఆంపియర్-గంటలు’ అని సమాసం చేయాలి. విలువ 18,000 కూలుంబులు. సమాసంలో రెండు పదాలు పక్కపక్కన కూర్చుంటే హెచ్చవేత, నడుమ ‘కు’ వస్తే భాగహారం అని గుర్తుపెట్టుకుంటే ఈ యూనిట్ల పేర్లన్నీ తెలుగులో చక్కగా ఒదుగుతాయి.

వ్యాఖ్య – మిర్యాలగూడ నుంచి ఒక తెలుగు పరిశోధకురాలు

అధ్యాపకుల వారికి నమస్కారం. ‘ఆవేశం’ అన్న పారిభాషికం మీద నాకు ఎప్పటినుంచో అనుమానం ఉంది. లోకంలో ఆవేశం అంటే కోపావేశమో, దేవుడు ఒంటి మీదికి రావడమో. బోనాల నాడు శివసత్తుల ఒంట్లో చూసేది ఆవేశం. రాగి తీగకు ఆ మాట ఎలా అంటింది? రెండవ సందేహం ధన, ఋణ శబ్దాల మీద. ఎలక్ట్రాన్లు ఎక్కువైన వస్తువును ఋణావేశం గలదంటారు. చేతిలో ఎక్కువ ఉన్నవాడు అప్పులవాడెట్లయ్యాడు?

జవాబు – నల్లగొండ అధ్యాపకుడు

మొదటిదానికి మీ ఉదాహరణలోనే సమాధానం ఉంది. సంస్కృతంలో ‘ఆ’ ఉపసర్గతో ‘విశ్’ ధాతువుకు లోపలికి చొచ్చుట అని అర్థం. ప్రవేశం, నివేశం దాని తోబుట్టువులే. వెలుపలిది ఏదో లోపల చేరి వస్తువు నడతను మార్చడం ఆవేశం. జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన అప్పటిదాకా పట్టించుకోని కాగితపు ముక్కలను లాక్కోవడం మొదలుపెడుతుంది కదా, దానికి ఈ మాట చక్కగా అతికిందనే నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త చాలు: ఒంటరిగా ‘ఆవేశం’ అనకుండా మొదటిసారి ‘విద్యుదావేశం’ అని రాయడం. ఫోను విషయంలో ‘ఛార్జి అయిపోయింది’ అనడాన్ని మాత్రం ‘ఆవేశం అయిపోయింది’ అని తెలుగు చేయకండి. బ్యాటరీ లోపల ధన, ఋణ ఆవేశాలు ఎప్పుడూ సమానంగానే ఉంటాయి, తరిగిపోయేది రసాయనశక్తి.

రెండవదానికి చరిత్ర బాధ్యత వహించాలి. సంఖ్యలకు ధన, ఋణ శబ్దాలు వాడడం 7వ శతాబ్దపు బ్రహ్మగుప్తుని నాటికే ఉంది. విద్యుత్తుకు ఈ ఎక్కువ తక్కువల లెక్క తగిలించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1747లో. విద్యుత్తు ఒకే ద్రవమని, అది ఎక్కువైతే ధనం, తక్కువైతే ఋణం అని ఆయన ఊహ. ఏ వస్తువులో ఎక్కువైందో తేల్చే సాధనం ఆనాడు లేదు గనుక ఏదో ఒక పక్కను ధనమనుకున్నాడు. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించేసరికి అది ఋణం పక్కన తేలింది. నూటయాభై ఏళ్ల ఖాతా పుస్తకాలను తిరగరాయడం కన్నా ఎలక్ట్రాన్‌నే ఋణమనుకోవడం సులువని లోకం సర్దుకుపోయింది. తీగలో ఎలక్ట్రాన్లు ఒకవైపు పోతుంటే ప్రవాహదిశను ఎదురువైపుకు గీసేది ఇందువల్లనే.

వ్యాఖ్య – మహబూబ్‌నగర్ ఉపాధ్యాయురాలు

సార్, ఈ రెండింటిలో ఏది ప్రకృతి, ఏది వికృతి? ఆంపియర్ ప్రాథమిక ప్రమాణమనీ, కూలుంబు ఉత్పన్న ప్రమాణమనీ పిల్లలకు చెబుతున్నాం. మీరేమో కూలుంబుతో మొదలుపెట్టి ఆంపియర్‌ను చెప్పారు.

జవాబు – నల్లగొండ అధ్యాపకుడు

పట్టికలో మీరు చెప్పినదే నిజం, ఆంపియర్ ఇప్పటికీ ప్రాథమిక ప్రమాణమే. నిర్వచనం మాత్రం తలకిందులైంది. ఈ పేర్లు 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో స్థిరపడ్డాయి. నిలకడగా ఉన్న ఆవేశాల మధ్య బలాన్ని 1785లో కొలిచిన కూలుంబు పేరు ఆవేశానికి, ప్రవాహాలున్న తీగలు ఒకదానినొకటి లాగడాన్ని 1820లో పరిశీలించిన ఆంపియర్ పేరు ప్రవాహానికి పెట్టారు. 1908 నాటి అంతర్జాతీయ ఆంపియర్‌కు కొలబద్ద వెండి: సిల్వర్ నైట్రేట్ ద్రావణం నుంచి సెకనుకు 0.001118 గ్రాముల వెండిని పేర్చే ప్రవాహం. చూడండి, అక్కడ ‘సెకనుకు’ ఉంది, అయితే అది వెండి పక్కన ఉంది, ఉండవలసిన చోటే ఉంది.

1948లో వెండిని వదిలి బలాన్ని పట్టుకున్నారు. శూన్యంలో మీటరు ఎడంగా, సమాంతరంగా, అనంతంగా సాగే రెండు సన్నని తీగల మధ్య మీటరు పొడవుకు 2 × 10⁻⁷ న్యూటన్ల బలం పుట్టించే ప్రవాహం ఆంపియర్. అప్పుడు ఆంపియర్ ప్రకృతి, దాన్ని సెకను పాటు సాగిస్తే వచ్చే కూలుంబు వికృతి. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశ పరిమాణాన్ని కచ్చితంగా 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులని కట్టివేశారు. ఇప్పుడు ఆంపియర్‌ను గుర్తించాలంటే సెకనుకు ఎంత ఆవేశం దాటిందో చూసుకోవాలి. ఒక ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఆవేశం. పెద్దరికం ఆంపియర్‌కే ఉన్నా, తాళంచెవులు ఆవేశం చేతికి పోయాయి. పిల్లలకు ఆవేశంతో మొదలుపెట్టి చెప్పడం ఈనాటి నిర్వచనానికి దగ్గర.

‘ప్రవాహం ప్రవహించింది’ సంగతి మిగిలింది. తెలుగు సార్ అన్నది నిజమే. ప్రవహించేది ఆవేశం, ప్రవాహం ఉంటుంది, సాగుతుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. ఆట ఆడాడు, పాట పాడాడు అనే భాషలో దీనిని మహాపరాధమనలేను గాని, లెక్కల పుస్తకంలో మానుకోవడం మంచిది.

వ్యాఖ్య – మహబూబ్‌నగర్ ఉపాధ్యాయురాలు

అందరికీ కృతజ్ఞతలు. లెక్కను ఇలా మార్చి రాశాను: “ఒక తీగలో 2 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం 5 నిమిషాల పాటు సాగింది. ఆ తీగను దాటిన విద్యుదావేశం ఎన్ని కూలుంబులు?” దీనికి జోడుగా ఇంకొకటి చేర్చాను: “ఒక తీగను 5 నిమిషాలలో 600 కూలుంబుల ఆవేశం దాటింది. సెకనుకు ఎన్ని కూలుంబులు దాటినట్టు? ఆ ప్రవాహం ఎన్ని ఆంపియర్లు?” మా తెలుగు సార్‌కు చూపిస్తే, ‘తీగను దాటడం’ అంటే కింద పడివున్న తీగ మీదుగా అడుగు వేసి పోవడమని, ‘తీగ అడ్డుకోతను దాటిన’ అని దిద్దమని అన్నారు. రెండు చోట్లా దిద్దాను.